పాలమూరు నుంచి వందే భారత్: మోటార్ మెకానిక్ చూసిన రైలు

మహబూబ్‌నగర్‌లో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు నాది. బెంగళూరులో ఉన్న బిడ్డను చూడటానికి కాచిగూడ–యశ్వంత్‌పూర్ వందే భారత్‌లో వెళ్లాం. 2023 సెప్టెంబర్ 24న మొదలైన ఈ బండి మన స్టేషన్‌లో ఆగుతుంది. సీట్లు, ఏసీ బాగున్నాయి. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను బ్రేకు గురించి చెప్తాను.

ముందున్న ఒక్క ఇంజనే లాగే బండి కాదిది. సగం పెట్టెల కింద త్రీ ఫేజ్ మోటార్లు ఉంటాయి. ఇలాంటి మోటారును సప్లై తిప్పే వేగం కంటే ఎక్కువగా బయటి నుంచి ఏదైనా తిప్పిందంటే, అది కరెంటు తీసుకోవడం మాని ఇవ్వడం మొదలుపెడుతుంది. లోకో పైలట్ వేగం తగ్గించినప్పుడు జరిగేది అదే. బండి పరుగే మోటార్లను తిప్పుతుంది. పుట్టిన కరెంటు పైనున్న 25 వేల వోల్టుల తీగలోకి తిరిగి వెళ్లి ఇంకో బండికి పనికొస్తుంది. ఉత్త రాపిడి బ్రేకులైతే ఆ శక్తంతా చక్రాల దగ్గర వేడిగా పోతుంది. ఇక్కడ రాపిడి తగ్గింది కాబట్టి బ్రేకుల అరుగుదలా తక్కువే. కరెంటు ఆదా, భద్రత రెండూ ఒకే చోట దొరికాయి. గద్వాలకు ముందు బండి నెమ్మదించినప్పుడు సన్నటి హమ్మింగ్ వినిపించింది. షాపులో వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) మీద మోటారు టెస్ట్ చేసేటప్పుడు వచ్చే చప్పుడులాగే ఉంది. చాలా సంతోషమనిపించింది.

ఇదంతా కరెంటు లైను ఉంటేనే. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాకా 85 కిలోమీటర్ల డబ్లింగ్ (పక్కన రెండో లైను వేయడం), విద్యుదీకరణ దాదాపు 1,410 కోట్లతో పూర్తయి 2023 ఏప్రిల్ 8న జాతికి అంకితమైంది. మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్‌కు అదే ఏడాది ఆగస్టులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది త్వరగా పూర్తి కావాలి. ఎంత మంచి బండైనా సింగిల్ లైనులో ఎదురు బండికి దారివ్వాల్సిన క్రాసింగ్ పడితే నిలబడాల్సిందే. ఆగి మళ్లీ వేగం అందుకోవడానికి కరెంటు ఖర్చవుతుంది, పైగా బ్రేకులో తిరిగొచ్చేది మొత్తం కాదు, కొంతే.

తలుపులన్నీ మూసుకుంటేనే బండి కదులుతుంది. ఆపదలో మీట నొక్కి నేరుగా లోకో పైలట్‌తో మాట్లాడొచ్చు. పెట్టెల్లో సీసీ కెమెరాలున్నాయి. కవచ్ సంగతి కూడా చెప్పాలి. ఎర్ర సిగ్నల్ దాటబోతే తనంతట తానే బ్రేకు వేసే ఈ ఏర్పాటును 2022 మార్చి 4న మన వికారాబాద్ వైపు గుల్లగూడ–చిటిగిడ్డ మధ్య రైల్వే మంత్రి ఇంజన్‌లో కూర్చుని మరీ పరీక్షించారు. ఎదురుగా ఇంకో ఇంజన్ ఉండగా 380 మీటర్ల ముందే ఆగింది.

నా బాధల్లా ప్యాసింజర్ బండ్ల గురించే. పొద్దున జడ్చర్ల నుంచి, షాద్‌నగర్ నుంచి పనులకు పోయే పిల్లలు ఫుట్‌బోర్డు మీద కూర్చుని వెళ్తారు. మూసుకునే తలుపు అందరికన్నా ముందు కావాల్సింది వాళ్లకు. చార్జీ ఎక్కువ పెట్టగలిగిన నాకంటే వాళ్ల ప్రాణం చిన్నదేమీ కాదు.

ఎక్కేవాళ్లకు ఒక మాట. సాగనంపడానికి వచ్చినవాళ్లను సామాను సర్దడానికి కూడా లోపలికి పిలవకండి. తలుపు మూసుకుందంటే వాళ్లు తర్వాతి స్టేషన్ దాకా రావాల్సిందే.