ఖాకీ డ్రిల్ యూనిఫాం: పదిహేనేళ్లు తొడిగాక

1970ల్లో ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేరినప్పుడు ఎండాకాలానికి ఇచ్చింది ఖాకీ డ్రిల్ గుడ్డ యూనిఫాం. మేమంతా కేడీ అనేవాళ్లం. "నాకు రెండు కేడీలు ఇచ్చారు" అని ఇంటికి రాశాను. మా ఊళ్లో కేడీ అంటే పోలీసు రికార్డుకెక్కినవాడు. ఉత్తరం చదివి మా నాన్న కంగారుపడ్డారట.

గుడ్డకు మాత్రం ఐదుకి ఐదు. మందపాటి నూలు. చెమట పీల్చేది, రంగు వెలిసినా చిరిగేది కాదు. బాధల్లా గంజితోనే. ధోబీ ఇస్త్రీ చేసిన నిక్కరు రేకులా నిలబడేది. పరేడ్‌లో దర్జాగా ఉండేది కానీ పది గంటలకల్లా తొడలు ఒరుసుకుపోయేవి. తర్వాత వచ్చిన లేత నీలం టెరికాట్ చొక్కాకి ఈ గొడవ లేదు, కానీ ఉక్కపోత. పైగా మంట తగిలితే నూలు మాడి రాలుతుంది, టెరికాట్ కరిగి ఒంటికి అంటుకుంటుంది. పెట్రోలు మధ్య పనిచేసేవాడికి ఇది చిన్న సంగతి కాదు.

గుండీలకు సున్నా. ఉతికేటప్పుడు తీయడానికి వీలుగా ఇత్తడి గుండీ వెనక చిన్న రింగు ఉండేది. వదులైతే ఎక్కడ రాలిందో తెలిసేది కాదు. జెట్ ఇంజిన్ నేలమీద ఉన్నదేదైనా లోపలికి లాగేస్తుంది. అందుకే టోపీ తీసి, జేబులు ఖాళీ చేసి, డాంగ్రీ, అంటే ఒళ్లంతా కప్పే పని బట్టలు, తొడుక్కునే విమానం దగ్గరికి వెళ్లాలి.

ఒకరోజు పరేడ్ నుంచి ఆలస్యమై కేడీతోనే కిరణ్ అనే శిక్షణ జెట్ విమానం దగ్గరికి పరుగెత్తాను. అది లేచిన కాసేపటికే ఇంజిన్ ఆగి కూలింది. అందులో ఉన్న ఇద్దరూ ఎజెక్ట్ అయి, అంటే సీటుతో సహా బయటికి ఎగిరి, బతికారు. ముందుగా ఫారం 700, అంటే విమానానికి చేసిన పనులు రాసే రికార్డు, సీల్ చేశారు, అందులో నా సంతకం ఉంది. శకలాలు ఏరమని మమ్మల్ని వేరుశనగ చేలో వరసగా నడిపించారు. రాత్రి మేజోళ్లలో పల్లేరుకాయలు పీక్కుంటూ చూద్దును కదా, ఎడమ జేబు గుండీ కాజాలో ఊరికే వేలాడుతోంది. రింగు లేదు!

నాలుగు రోజులు అన్నం సయించలేదు, ఒకటే టెన్షన్. చివరికి ఇంజిన్ విప్పితే బ్లేడ్లకు గద్ద ఈకలు. ఒకే ఇంజిన్ ఉన్న విమానానికి ఒక్క పక్షి చాలు. 2012లో పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం మన ఎయిర్‌ఫోర్స్ తీసుకున్న 872 మిగ్ యుద్ధ విమానాల్లో 482 ప్రమాదాల్లోనే పోయాయి, 171 మంది పైలట్లు చనిపోయారు. ఆ వార్త చదివినప్పుడు కూడా నాకు ముందు గుర్తొచ్చింది ఆ రింగే.

అది మళ్లీ దొరకలేదు. ఆ వారమే గుండీలన్నీ లావు దారంతో కుట్టేశాను. బండకు కొడితే సొట్టపడుతున్నాయని ధోబీ గొణిగేవాడు. నెలకు రెండు రూపాయలు ఎక్కువిచ్చి సర్దుకున్నాను.