నల్గొండ స్కిన్ క్లినిక్: మూడోసారి వచ్చిన పులిపిర్లకు ఇక్కడికి వెళ్లాను

కింద, మర్మాంగాల దగ్గర పులిపిర్లు వస్తే ఎక్కడికి వెళ్లాలో అడగడానికే నోరు రాదు. నేను వెతికినప్పుడు మన జిల్లాలో ఎవరూ రాసింది దొరకలేదు, అందుకే రాస్తున్నా.

మాది మిర్యాలగూడ దగ్గర పల్లె. రెండేళ్లలో మూడుసార్లు వచ్చాయి. మొదటిసారి సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. రెండోసారి ఒక దుకాణంలో "ఇమ్యూనిటీ పెరిగితే అవే రాలిపోతాయి" అని పొడి డబ్బా అంటగట్టారు, నెలకు రెండు వేల పైనే, మూడు నెలలు పొద్దున్నే పాలల్లో కలుపుకొని తాగితే ఒక్కటీ రాలలేదు సరికదా పక్కన ఇంకో రెండు లేచాయి.

ఈ క్లినిక్ గడియారం సెంటర్ నుంచి నడిచి వెళ్లేంత దూరం. డాక్టర్ సార్ మొహం చిట్లించకుండా చూశారు, నాకు అదే సగం బలం. ఇది హెచ్‌పీవీ వైరస్ వల్ల వస్తుందని, ఎక్కువగా 6, 11 రకాలని, క్యాన్సర్ తెచ్చే 16, 18 వేరని చెప్పారు. పులిపిరి పోయినా వైరస్ చుట్టూ ఉన్న చర్మంలో ఉంటుందట, అందుకే మొదటి మూడు నెలల్లో తిరిగి రావడం మామూలే. హెచ్ఐవీ, షుగర్ టెస్టులు చేయించారు, రెండూ బాగానే ఉన్నాయి.

పెద్దవాటికి లిక్విడ్ నైట్రోజన్ పెట్టారు, అంటే పులిపిరిని గడ్డకట్టించే అతి చల్లని ద్రవం. పొగలు కక్కుతున్న డబ్బాలో దూది పుల్ల ముంచి ఆనించగానే అక్కడ తెల్లగా గడ్డకట్టింది, కాసేపు మంట, తర్వాత పొక్కు. చిన్నవాటికి ఇమిక్విమోడ్ క్రీమ్, షాంపూ ప్యాకెట్ లాంటి చిన్న సాచెట్లు, వారానికి మూడు రాత్రులు రాసి పొద్దున కడుక్కోవాలి, ఎక్కువలో ఎక్కువ 16 వారాలు. ఇది అక్కడి చర్మంలోనే రోగనిరోధక శక్తిని లేపుతుందట. నాలుగో వారం ఎర్రగా కందిపోయి భయపడి ఫోన్ చేస్తే, రెండు రోజులు ఆపి మళ్లీ రాయమన్నారు. క్రీమ్ ఉన్నప్పుడు కలవొద్దు, కండోమ్ రబ్బరును కూడా బలహీనం చేస్తుంది.

ఇమ్యూనిటీకి ఏం వాడాలి సార్ అంటే మందు రాయలేదు. "సిగరెట్ మానెయ్, రాత్రి టైముకు పడుకో" అన్నారు. సిగరెట్ తాగేవాళ్లకు ఇవి మొండికేస్తాయట. నేను లారీ లోడింగ్ పని, నిద్ర కుదరడం కష్టం, సిగరెట్ మాత్రం మానేశా.

నాకు అన్నిటికంటే మేలు చేసింది మా ఆవిడతో ఆయన మాట్లాడిన తీరు. ఈ వైరస్ నెలలు, ఏళ్లు కనబడకుండా ఉండగలదు, ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పలేమమ్మా అన్నారు, గైనకాలజిస్టు దగ్గర పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ముందే పట్టే పరీక్ష) చేయించుకోమన్నారు. ఆ రోజు బస్సులో ఇద్దరం మామూలుగా మాట్లాడుకుంటూ వచ్చాం.

ఒక్కటే బాధ, ముందు కూర్చునే అమ్మాయి అందరి ముందూ "ఏం ప్రాబ్లం?" అని గట్టిగా అడుగుతుంది. "స్కిన్" అనండి చాలు. డబ్బులకు ఇబ్బందైతే ప్రభుత్వ ఆస్పత్రుల్లో సురక్ష క్లినిక్ అని ఉంటుంది, ఇవి చూసేది అక్కడే, ఫీజు ఉండదు.