పింక్ ఫ్లాయిడ్: ఏది ముందు వినాలి?

ఇంగ్లండ్ రాక్ బ్యాండు పింక్ ఫ్లాయిడ్‌ను కొత్తగా వినేవాళ్లకు అందరూ చెప్పేది 1973లో వచ్చిన ‘ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్’ ఆల్బమ్. తప్పేం లేదు. గుండె చప్పుడుతో మొదలై, గుండె చప్పుడుతోనే ముగుస్తుంది. డబ్బు, కాలం, చావు, పిచ్చి అన్నీ అందులో ఉన్నాయి. ‘మనీ’ పాటలో చిల్లర గలగల, క్యాష్ రిజిస్టర్ మోతలే తాళం వేస్తాయి, అదీ ఏడు మాత్రల్లో. మిశ్రచాపు అలవాటైన మన చెవికి అదేం కష్టం కాదు. ఇందులో గాయని క్లేర్ టోరీ మాటల్లేకుండా పాడింది వింటే మాత్రం ఒళ్లు జలదరిస్తుంది.

1975 నాటి ‘విష్ యు వర్ హియర్’ దారి వేరు. ఉన్నవి ఐదే ట్రాకులు. ‘షైన్ ఆన్’ పాటను రెండు ముక్కలు చేసి మొదట ఒకటి, చివర ఒకటి పెట్టారు. మొదటి ముక్కలో పాట అందుకోవడానికే ఎనిమిది నిమిషాలు దాటుతుంది, ఓపిక కావాలి. ఆ పాట, మతి చెదిరి 1968లో బ్యాండుకు దూరమైన వ్యవస్థాపక సభ్యుడు సిడ్ బారెట్ గురించి. రికార్డింగ్ జరుగుతుండగా 1975 జూన్‌లో ఆయనే స్టూడియోకి వచ్చాడు. లావెక్కి, గుండు, కనుబొమలు కూడా గీసేసుకుని. పాత స్నేహితులు మొదట పోల్చుకోలేకపోయారు.

రెండూ అబ్బే రోడ్ స్టూడియోలోనే తయారయ్యాయి. పనితనంలో మొదటిదే మిన్న, ఒప్పుకుంటాను. కానీ రాత్రి లైటార్పి పడుకున్నాక నేను పెట్టుకునేది రెండోదే.