మంచు రేకులను బొమ్మ కట్టిన ఊరు: కోగా, కటయమజు

ఈ జనవరిలో అమ్మతో కలిసి చేసిన జపాన్ యాత్రలో కోగా పట్టణం చివరి రోజున, అనుకోకుండా చేరింది. టోక్యోలోని ఉఎనో స్టేషన్ నుండి మామూలు రైలులో సుమారు గంట ప్రయాణం. కోగా స్టేషన్ నుండి చరిత్ర మ్యూజియానికి నడిచి వెళ్లవచ్చు. ఉదయం వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు కనుక బస వెతకనక్కరలేదు.

కోగాను ఏలిన దొయి తొషిత్సురా మంచు స్ఫటికాలను ఏళ్ల తరబడి సూక్ష్మదర్శినిలో పరిశీలించి, 1832లో 86 బొమ్మలతో ‘సెక్కా జుసెత్సు’ అనే గ్రంథాన్ని, 1840లో మరో 97 బొమ్మలతో దాని కొనసాగింపును వెలువరించాడు. మంచు కురిసేలా ఉన్న రాత్రి నల్లని వస్త్రాన్ని ఆరుబయట ఉంచి చల్లబరచి, దానిపై రాలిన రేకును పట్టకారుతో నల్లని లక్క పాత్రలోకి చేర్చి, ఊపిరి వేడి తగలకుండా జాగ్రత్తపడుతూ చూసేవారు. కరిగిపోయే లోపు చూసి, గుర్తుంచుకుని, గీయాలి. జపాన్‌కు ఫొటో ఇంకా చేరని కాలం. ఆ బొమ్మల ముందు అమ్మ చాలాసేపు నిలబడి, ఆరు కొమ్మలూ సమంగా ఉన్నాయో లేదో వేలితో లెక్కపెట్టింది. ముగ్గులు వేసే చేయి మరి. తొషిత్సురాకు అండగా నిలిచిన మంత్రి, డచ్చి విద్యల (డచ్చి పుస్తకాల ద్వారా అందిన పాశ్చాత్య శాస్త్రాల) పండితుడు తకామి సెన్సెకి నివాసం మ్యూజియం ఎదురుగానే ఉంది. దానికి అరగంట చాలు. జపనీస్ రానివారు ఫోనులో అనువాద సదుపాయం సిద్ధం చేసుకుని వెళ్లడం మేలు.

అంతకుముందు రెండు రోజులు కటయమజు వేడినీటి బుగ్గల ఊరిలో ఉన్నాము. టోక్యో నుండి దానికి దగ్గరి స్టేషన్ కగా ఒన్సెన్ వరకు షింకన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో దాదాపు 3 గంటలు పడుతుంది, టికెట్టు ఖరీదైనదే. అక్కడి బసలో స్నానాల ఏర్పాట్లకు వంక పెట్టలేము. కానీ శాకాహారమని ముందే రాసి పంపినా, రాత్రి వడ్డించిన గిన్నెలన్నింటిలోనూ ఎండుచేప కాచిన నీరే ఉంది. వారి లెక్కలో ముక్క లేకపోతే శాకాహారమే. ఆ పూట అన్నం, ఊరగాయలతో సరిపెట్టుకున్నాము.

1936లో కుందేలు వెంట్రుకపై తొలి కృత్రిమ మంచు స్ఫటికాన్ని పెంచిన నకయా ఉకిచిరో పుట్టిన ఊరు ఇదే. సరస్సు ఒడ్డున ఆయన పేరిట ఉన్న మ్యూజియంలో గాలిలో మెరిసే మంచు ధూళిని కళ్లెదుటే పుట్టించి చూపిస్తారు. పిల్లలకు ఇంతకంటే మంచి చోటు లేదు. అయితే కోగాను ముందు చూసి ఇక్కడికి రావాలి. మేము తారుమారు చేసినందువల్ల, ఆ వెంట్రుక ఏ నల్లని వస్త్రం స్థానంలోకి వచ్చిందో తిరుగు రైలులో గానీ తట్టలేదు.