ఆరేళ్ల ఇన్వర్టర్, 1200 రూపాయల కటాఫ్: మా ఇంటి అనుభవం

మాది కోనసీమ. 2020 వేసవిలో సైన్‌వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ (బ్యాటరీ సామర్థ్యానికి కొలత) టాల్ ట్యూబులర్ (లెడ్ యాసిడ్ రకం) బ్యాటరీ కలిపి 19,500కి కొన్నాం. అవే ఇప్పటికీ నడుస్తున్నాయి. కరెంటు పోయినప్పుడు ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. మాకు దెబ్బ తగిలింది కరెంటు ఉన్నప్పుడే.

2022లో ఒక గాలివాన రాత్రి. పంచలో బల్బు ఉన్నట్టుండి తెల్లగా మండిపోయి టప్పున పేలింది. హాల్లో ప్లాస్టిక్ కాలిన వాసన. నేను లేచి మెయిన్ దించేలోపే టీవీ, ఫ్రిజ్ బోర్డు పోయాయి. వీధి స్తంభం మీద న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) తెగిందట. న్యూట్రల్ పోతే 230 వోల్టులు రావాల్సిన ఇంట్లోకి 400 దాకా వచ్చేస్తాయి. టీవీకి స్పైక్ బోర్డు ఉంది కదా అని ధీమాగా ఉండేవాళ్లం. అందులోని ఎంఓవీ అనే రక్షణ బిళ్ల క్షణంలో వచ్చిపోయే వోల్టేజీ పోటుని (సర్జ్) ఆపుతుంది గానీ, ఎక్కువ వోల్టేజీ అలాగే నిలబడితే అదే కాలిపోతుంది. ఆ వాసన దానిదే. ఇన్వర్టర్ లైన్లో ఉన్నవి మాత్రం బతికాయి. యూపీఎస్ మోడ్‌లో (వోల్టేజీ కాస్త తేడా వచ్చినా వెంటనే బ్యాటరీకి మారే సెట్టింగ్) పెట్టి ఉంచడం వల్ల వోల్టేజీ హద్దు దాటగానే బ్యాటరీ మీదికి మారిపోయింది.

మర్నాడు ఎలక్ట్రీషియన్ ఫేజుకీ (కరెంటు వచ్చే తీగ) ఎర్తుకీ (నేలలోకి దింపే రక్షణ తీగ) మధ్య 100 వాట్ల బల్బు పెట్టి చూశాడు. అది ఒత్తి కొడిగట్టిన దీపంలా మిణుకుమంది. "ఎర్తు పేరుకే ఉందండీ" అన్నాడు. (ఈ పరీక్ష మీరు సొంతంగా చెయ్యకండి.) కొత్తగా గొయ్యి తీయించి, జీఐ పైపు దించి, ఉప్పు, బొగ్గు వేయించాం. 4,500 అయింది. ఎండాకాలంలో అమ్మ తులసికోటతో పాటు దానికీ రోజూ ఒక చెంబు పోస్తుంది. మెయిన్ పక్కన 1200 పెట్టి వోల్టేజీ కటాఫ్ బిగించాం. 270 దాటినా, 170 కంటే పడినా సప్లై ఆపేస్తుంది. మళ్లీ సరిగ్గా వచ్చాక కాసేపు ఆగి ఇస్తుంది, ఫ్రిజ్ కంప్రెసర్‌కి అది చాలా మంచిది. అప్పటి నుంచి ఇంట్లో ఒక్క వస్తువు కాలలేదు. ఇన్వర్టర్ కొనే డబ్బు లేకపోయినా ముందు ఈ రెండూ చేయించుకోండి.

2025 అక్టోబరులో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటిన రాత్రి మాకు కరెంటు పోయింది, మర్నాడు సాయంత్రానికి గానీ రాలేదు. రెండు బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే) ఫ్యాన్లు, నాలుగు ఎల్‌ఈడీ లైట్లు, వైఫై రూటర్, అన్నీ కలిపి 110 వాట్ల లోపే. ఐదేళ్ల పాత బ్యాటరీ ఆ లోడ్ మీద తొమ్మిది గంటలు లాగింది. పాత ఫ్యాన్లే ఉంటే అందులో ఇంచుమించు సగమే వచ్చేది. వాడనప్పుడు ఇన్వర్టర్ ముందున్న స్విచ్ కూడా ఆపేశాం, లోడ్ లేకపోయినా అది కొంత తాగేస్తుంది.

బ్యాటరీకి మూడు నెలలకోసారి ఫ్లోట్లు (నీటి మట్టం చూపేవి) చూసి డిస్టిల్డ్ వాటర్ పోస్తాను. మినరల్ వాటర్ పోస్తే ప్లేట్లు పాడవుతాయి. టెర్మినల్స్‌కి వాజలిన్ రాస్తే తెల్ల బూజు పట్టదు.

ఈ మధ్య బ్యాకప్ బాగా తగ్గుతోంది, వేసవిలోపు మార్చాలి. లిథియం వేద్దామా అనుకున్నాం గానీ, మా ఇన్వర్టర్‌లో దానికి తగ్గ ఛార్జింగ్ సెట్టింగ్ లేదు. మళ్లీ టాల్ ట్యూబులరే తెస్తాం.