కీర్తనల గ్రంథం: గాయపడిన మనసుతో ఏళ్ల తరబడి చదివిన తరువాత

భర్త చేతి దెబ్బలు భరించలేక పుట్టింటికి చేరిన నాటి నుండి పాత అనువాదపు తెలుగు బైబిలును, అందులోనూ ముఖ్యంగా కీర్తనల గ్రంథాన్ని, నేను రోజూ చదువుతున్నాను. విశ్వాసం గాయపడిన మనిషిని బాగుచేస్తుందా అని అడిగితే, ఒక్క రాత్రి ప్రార్థనతో భారమంతా దిగిపోయిందనే సాక్ష్యమే మన కూడికల్లో ఎక్కువగా వినిపిస్తుంది. నా విషయంలో అలా జరగలేదు. బాగుపడిన మాట నిజమే గాని, అది ఎంతో నెమ్మదిగా జరిగింది, మొదట నేను ఆశ పెట్టుకున్న వచనాల వల్ల కూడా కాదు.

మొదట్లో వాగ్దానాలనే పట్టుకున్నాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెంలో నుండి తీసుకున్న, బైబిలు వచనం అచ్చు వేసిన వాగ్దాన కార్డును బీరువా తలుపుకు అంటించి, ఏడాది పొడవునా దానినే చదువుకునేదాన్ని. మిడతలు తిన్న సంవత్సరాల పంటను తిరిగి ఇస్తానన్న యోవేలు 2:25 ఒకసారి నాకు వచ్చింది. అత్తవారింట ఉండిపోయిన నగలు రాలేదు, పోయిన నిద్ర రాలేదు. ఆ మాట మిడతల దండు వల్ల సర్వం కోల్పోయి, ఉపవాసంతో దేవుని వైపు తిరగమన్న పిలుపు విన్న యూదా ప్రజలతో చెప్పినది. దాని చోటు నుండి విడదీసి కార్డు మీద అచ్చు వేస్తే అది చిలక జోస్యం చీటీలా తయారవుతుంది.

నన్ను నిలబెట్టినవి విలాప కీర్తనలు. 150 కీర్తనల్లో దాదాపు మూడోవంతు మొరలే అయినా, మన ఆదివారపు ఆరాధనలో స్తుతి కీర్తనలకు దక్కే చోటు వాటికి దక్కదు. ఇంకా ఎన్నాళ్లని దేవుణ్ణే నిలదీసే 13వ కీర్తన, శత్రువైతే ఓర్చుకునేవాణ్ణి గాని చేసినవాడు నా స్నేహితుడే అని వాపోయే 55వ కీర్తన, చివరి మాట దాకా చీకటిలోనే సాగి చీకటిలోనే ముగిసే 88వ కీర్తన చదివాక, నా కోపాన్ని దాచుకుని ప్రార్థించనక్కరలేదని అర్థమైంది. ఇంట్లో నోరెత్తితే దెబ్బ పడే చోట బతికిన మనిషికి, అడగడానికి అనుమతి దొరకడం చిన్న విషయం కాదు.

నాకూ ఒక విలువ ఉన్నదన్న నమ్మకం కీర్తనల బయట దొరికింది. ఆదికాండము 16లో అబ్రాము గాని, అతని భార్య శారయి గాని తమ దాసి హాగరును పేరు పెట్టి పిలవరు. వారి నోట ఆమె ఎప్పుడూ దాసియే. శారయి పెట్టిన బాధకు పారిపోయిన ఆమెను పేరు పెట్టి మొదట పిలిచినది అరణ్యంలో నీటి బుగ్గ దగ్గర కలిసిన యెహోవా దూత. అత్తవారింట "ఏమే", "అది" అనే పిలుపులే విన్న నేను ఆ వచనం మీద చాలా కాలం గడిపాను. అయితే తిరిగి వెళ్లి యజమానురాలికి అణిగి ఉండమని చెప్పినది కూడా ఆ దూతయే, ఆ మాట దగ్గర నేను ఇప్పటికీ ఆగిపోతాను. లూకా 13లో 18 ఏళ్లుగా నడుము వంగిపోయిన స్త్రీని యేసు సమాజమందిరపు అధికారి ఎదుటనే అబ్రాహాము కుమార్తె అన్నాడు. ఆమె కూడా తిరిగి వెళ్లాలని అక్కడ ఎక్కడా లేదు.

ఈ గ్రంథంతో వచ్చే ప్రమాదం దానిని చేతిలో పట్టుకున్నవారిని బట్టి ఉంటుంది. భార్యను విడనాడడం దేవునికి అసహ్యమని మలాకీ 2:16 చూపించి నన్ను కాపురానికి తిరిగి పంపాలని ఒక సంఘ కాపరి (పాస్టరు) పట్టుబట్టారు. అదే వచనం బలాత్కారాన్ని కూడా అసహ్యమనే అంటున్నదని ఆయన చదవలేదు. 1869 నాటి విడాకుల చట్టం సైతం చాలా కాలం అటువంటిదే: క్రైస్తవ స్త్రీకి క్రూరత్వం ఒక్కటే చాలేది కాదు, దానితో పాటు వ్యభిచారాన్నీ రుజువు చేయవలసి వచ్చేది. 2001 సవరణతో ఆ షరతు పోయింది. 2005 గృహహింస చట్టం ఏ మతపు స్త్రీకైనా రక్షణ ఉత్తర్వు కోరే హక్కు ఇచ్చింది. క్షమించడం వేరు, దెబ్బలు తినడానికి తిరిగి వెళ్లడం వేరు అని నాకు విడమరచి చెప్పింది మా సంఘపు స్త్రీల కూడిక అయిన స్త్రీల మైత్రిలోని ఒక పెద్దమ్మగారు. ఆమె ఏ సలహా ఇచ్చినా, ముందు నా పక్కన కూర్చుని ఒక కీర్తన పూర్తిగా చదివేవారు.

కీర్తనలు మందుబిళ్లలకు బదులు కావు. నిద్ర పట్టని రోజుల్లో మానసిక వైద్యుని దగ్గరకు వెళ్లడం విశ్వాసలోపమని కొందరన్నారు. నేను వెళ్లాను, ఉపశమనం కలిగింది. ఇప్పుడైతే 14416 నంబరుకు ఫోను చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ ఉచితంగా దొరుకుతుంది. ప్రాణభయం ఉన్నవారు ముందు మహిళల సహాయ నంబరు 181కి ఫోను చేయాలి, కీర్తనలు చదవడం ఆ తరువాత.

ఒక లోటు మాత్రం తీరలేదు. 2 సమూయేలు 13లో సవతి అన్న చేతిలో బలాత్కారానికి గురైన తామారు తన సొంత అన్న అబ్షాలోము ఇంట దిక్కులేనిదై ఉండిపోయిందని చెప్పి గ్రంథం ముందుకు సాగిపోతుంది; ఆమె తండ్రి, రాజైన దావీదు కోపగించాడే గాని ఆమెకు న్యాయం చేయలేదు. దానికి ఎవరు చెప్పిన వ్యాఖ్యానమూ నాకు తృప్తినివ్వలేదు.

కొనేవారు పెద్ద అక్షరాల ప్రతినే తీసుకోవాలి. ఏడ్చిన కళ్లతో చిన్న అచ్చు చదవడం కష్టం. గ్రాంథిక భాష మొదటి కొన్ని వారాలు అడ్డు తగులుతుంది, తరువాత అలవాటవుతుంది. 13తో మొదలుపెట్టి, 55, 88 చదివి, మనసు ఒప్పుకున్నప్పుడే స్తుతి కీర్తన అయిన 103కు వెళ్లడం మంచిది. దేవుని కృప వల్లనే మనం నిర్మూలం కాలేదనే విలాపవాక్యములు 3:22 వచనం కార్డుల మీద కనిపించినప్పుడు మాత్రం, దానికి ముందున్న వచనాలను కూడా తప్పక చదవండి.