రహదారి పక్కన భారీ పక్షి విగ్రహం: సిమెంటా, ఉక్కా, ఫైబరా – ఏది మేలు?

తమ ప్రాంతపు పక్షిని పెద్ద విగ్రహంగా చేసి రహదారి పక్కన నిలపాలనుకునేవారు పదేపదే అడిగే ప్రశ్న ఇది. ఖర్చు లెక్కలకు ముందు ఆ పక్షి కాళ్లను చూడమని నా సలహా.

పొట్టి కాళ్లు, గుండ్రని ఒళ్లు ఉన్న పక్షికి సిమెంటు చక్కగా నప్పుతుంది. ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పెంగ్విన్ అనే ఊళ్లోనే 1975లో వెలసిన పెంగ్విన్, అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో రాత్సే ఊరివారు 1976లో నిలిపిన 13 అడుగుల ప్రెయిరీ కోడి అటువంటివే; వాటి బరువంతా నేలకు దగ్గరగా ఉంటుంది. కొంగ సంగతి వేరు. పైనున్న బరువును రెండు సన్నని కాళ్లు మోయడమే కాక, ఒంటికీ రెక్కలకూ తగిలే గాలి తోపును కూడా అవే పునాదికి చేర్చాలి. సిమెంటు నొక్కుడుకు ఓరుస్తుంది గానీ వంపుకు ఓర్వదు కనుక కాళ్లను లావు చేయక తప్పదు, అప్పుడది కొంగలా కనిపించదు. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో స్టీల్ అనే ఊరి దగ్గరున్న సుమారు 40 అడుగుల శాండ్‌హిల్ జాతి కొంగను లోహంతోనే చేశారు.

కాళ్ల తరువాత చూడవలసింది వాతావరణం. కెనడాలోని వావా ఊళ్లో 1960లో ఇనుప జాలిపై ప్లాస్టరు పూసి నిలిపిన పెద్దబాతు అక్కడి వానకూ మంచుకూ తట్టుకోలేకపోగా, 1963లో దాని స్థానంలో 28 అడుగుల ఉక్కు బాతును పెట్టారు. అదీ చివరికి తుప్పుపట్టింది, 2017లో మార్చవలసి వచ్చింది. అయినా ఐదు దశాబ్దాలు దాటి నిలిచిందన్న మాట. సిమెంటులో పగులు గుండా నీరు దిగితే లోపలి ఉక్కు చువ్వ తుప్పుపట్టి ఉబ్బుతుంది, పెచ్చులు ఊడేదాకా ఆ సంగతి బయటపడదు. ఉక్కు రేకుపై తుప్పు చాలావరకు ముందే కంటపడుతుంది, ఆ ముక్క కోసి కొత్తది వెల్డింగ్ చేయవచ్చు. అందుకే నేను ఉక్కు వైపే మొగ్గుతాను.

ఫైబర్ గ్లాసు తేలిక, రంగు బాగా పడుతుంది. ఎండకు పైపూత వెలిసిపోతుంది, పెద్ద బొమ్మకు లోపల ఎలాగూ ఉక్కు చట్రమే కావాలి. పాత ఇనుప సామాను అతికి చేసేవి చూడముచ్చటగా ఉన్నా, వాటి సందుల్లో నీరు నిలుస్తుంది.

ఉక్కును ఎంచుకునేవారు కడుపు భాగంలోనూ పాదాల దగ్గరా నీరు కారిపోయే రంధ్రాలు తప్పక పెట్టించుకోవాలి. రంగు ఎంత మంచిదైనా లోపల చేరిన నీటిని ఆపలేదు.